డ్రెస్డెన్‌లో డాక్టర్‌ని పట్టుకోవడం: నా అనుభవం

మా ఆయనకి జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఒక చిప్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆ ఫ్యాక్టరీలు ఎక్కువగా ఊరికి ఉత్తరాన, ఎయిర్‌పోర్టు దగ్గర క్లోట్షె వైపు ఉంటాయి. అటు వెళ్లే ట్రామ్ ఎక్కితే ఈమధ్య తెలుగు వినపడుతూనే ఉంటుంది. వచ్చిన కొత్తలో అందరూ చెప్పే పనులు, అంటే అడ్రస్ రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, రెసిడెన్స్ కార్డు, వరసగా అయిపోయాయి. హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే మొదలైంది. జీతంలో 14.6 శాతం, దాని మీద ఒక్కో ఇన్సూరెన్స్ సంస్థ వేసుకునే అదనపు శాతం. అందులో సగం కంపెనీ కడుతుంది, సగం మనం కడతాం. నాకు సంపాదన లేదు కాబట్టి విడిగా ఏమీ కట్టకుండానే ఆయన ఇన్సూరెన్స్‌లో నేనూ ఉన్నాను. నా ఫొటోతో ఒక కార్డు పోస్టులో వచ్చింది. ఆ కార్డు పర్సులో పడగానే వైద్యం సంగతి తేలిపోయిందనుకుంటాం అందరం. కార్డు ఉన్నంత మాత్రాన డాక్టర్ ఉన్నట్టు కాదని అవసరం వచ్చినప్పుడే తెలుస్తుంది.

నా అవసరాన్ని అమ్మ వీడియో కాల్‌లో కనిపెట్టింది. "ఏమే, మెడ దగ్గర ఆ ఉబ్బేంటి? తల పైకెత్తు." ఎత్తాను. "గుటక వెయ్యి." వేశాను. గుటకతోపాటు అదీ పైకీ కిందకీ కదిలిందట. మా పిన్నికి థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పటి నుంచి మా ఇంట్లో అందరూ సగం డాక్టర్లే. "రేపే చూపించుకో" అంది అమ్మ. మాది గుంటూరు. అక్కడ రేపే చూపించుకోవడం అంటే ఆటో ఎక్కి కొత్తపేటలో దిగడమే. బోర్డులు చదువుకుంటూ నాలుగడుగులు వేస్తే కావాల్సిన స్పెషలిస్టు కనపడతాడు. ఓపీ రాయించుకుని కూర్చుంటే ఏదో ఒక వేళకి పిలుస్తారు. పక్క ల్యాబ్‌లో రక్తమిస్తే సాయంత్రానికి రిపోర్టు చేతికొస్తుంది.

ఇక్కడ అన్నిటికీ ముందు హౌస్‌ఆర్ట్స్ట్ కావాలి, అంటే మన ఫ్యామిలీ డాక్టర్. చాలా రకాల స్పెషలిస్టుల దగ్గరికి నేరుగా వెళ్లొచ్చని రూల్ ఉన్నా, ఫోన్ చేస్తే అవతలివాళ్లు మొదట అడిగేది రిఫరల్ చీటీ ఉందా అనే. ఆ చీటీ రాసేది హౌస్‌ఆర్ట్స్ట్. ఆయనేమో కొత్త పేషెంట్లని చేర్చుకోడు. మా చుట్టుపక్కల క్లినిక్‌లన్నిటికీ ఫోన్ చేశాను. "కొత్త పేషెంట్లని తీసుకుంటారా?" అనే వాక్యాన్ని జర్మన్‌లో కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని చదివేదాన్ని. ఎక్కువచోట్ల నా వాక్యం పూర్తయ్యేలోపే జవాబు వచ్చేసేది. కొన్నిచోట్ల ఆ మాట ఆన్సరింగ్ మెషీన్‌లోనే రికార్డు చేసి పెట్టారు. బుధవారం, శుక్రవారం మధ్యాహ్నాలు చాలా క్లినిక్‌లు మూసేస్తారన్న సంగతి కూడా అలా మోగి మోగి ఆగిపోయిన ఫోన్ల వల్లే తెలిసింది.

ఆన్‌లైన్ బుకింగ్‌లో ఇంకో తమాషా చూశాను. మొదటి ప్రశ్నే మీది ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్సా, ప్రైవేటా అని. మాలాంటి వాళ్లది మొదటిది, దేశంలో పదిమందిలో తొమ్మిదిమందిదీ అదే. నిజం నొక్కితే ఖాళీలు లేవు. ఊరికే చూద్దామని ప్రైవేటు అని నొక్కితే అదే డాక్టర్ దగ్గర వచ్చే వారమే ఖాళీలు కనపడ్డాయి. అందరికీ సమానం అని గొప్పగా చెప్పుకునే దేశంలో ఈ ఒక్కటీ నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

దారి చూపించింది మా కింది అంతస్తు పెద్దావిడ. ఆవిడ తరం తూర్పు జర్మనీ బడుల్లో రష్యన్ చదువుకుంది, ఇంగ్లీషు అంతంతమాత్రం. నా జర్మన్ ఇంకా అంతంతమాత్రం. అయినా మెట్ల దగ్గర నిలబడి చేతులతో, ఫోన్‌లోని అనువాదంతో చెప్పాల్సింది చెప్పింది. ఫోన్‌లో అడిగితే లేదనడం తేలికట. పొద్దున్నే తలుపు తెరిచే వేళకి మనిషి వెళ్లి కౌంటర్ ముందు కార్డు పెట్టి నిలబడితే కాదనడం కష్టమట. తను చూపించుకునే క్లినిక్ పేరు కూడా రాసిచ్చింది. ఇది ఎక్కడైనా పనిచేస్తుందని హామీ ఇవ్వలేను, నాకు మాత్రం పనిచేసింది. కౌంటర్‌లో అమ్మాయి ముందు తల అడ్డంగా ఊపింది. నేను మెడ చూపించాను. పెద్దావిడ పేరు చెప్పాను. లోపలికి వెళ్లి అడిగొచ్చి, ఒక తేదీ వేసిన చీటీ చేతిలో పెట్టింది.

ఆ రోజు వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాక కొన్ని మర్యాదలు నేర్చుకున్నాను. లోపలికి వచ్చే ప్రతి మనిషీ ఎవర్నీ ప్రత్యేకంగా చూడకుండా గదికంతటికీ కలిపి గుడ్ మార్నింగ్ చెప్తారు, అందరూ కలిసి బదులు చెప్తారు. ఆ తర్వాత సూది పడినా వినపడేంత నిశ్శబ్దం. మన దగ్గరైతే ఈపాటికి పక్కావిడ మోకాళ్ల చరిత్ర, కోడలి చరిత్ర రెండూ తెలిసిపోయేవి. మైకులో ఎవర్నో రెండుసార్లు పిలిచారు, ఎవరూ లేవలేదు. మూడోసారికి అర్థమైంది, అది మా ఇంటిపేరని. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ ఉత్త ఇంటిపేరుతో పిలవలేదు. పైగా వాళ్లు పలికిన తీరుకి మా తాతగారైనా గుర్తుపట్టేవారు కాదు.

డాక్టర్ యాభై దాటిన మహిళ. ముందే నింపిచ్చిన ఫారం చూస్తూ, మా ఇంట్లో ఎవరికి థైరాయిడ్ ఉంది, ఎవరికి షుగర్ ఉంది, నేను వాడే మందులేంటి అని అడిగింది. ఇంగ్లీషు నెమ్మదిగా, పొదుపుగా మాట్లాడేది. మెడ వెనక నిలబడి రెండు చేతులతో తడిమి, నీళ్లు తాగించి మళ్లీ తడిమింది. మర్నాడు పరగడుపున వచ్చి రక్తం ఇచ్చి వెళ్లమంది. పనిలో పనిగా విటమిన్ డి కూడా చూడండి అన్నాను, ఇక్కడ మనవాళ్లందరూ అడిగేదే కదా. తగిన కారణం లేకపోతే దానికి ఇన్సూరెన్స్ ఇవ్వదు, కావాలంటే సొంత డబ్బు కట్టుకోవాలి, చలికాలంలో అందరికీ తక్కువే వస్తుంది అంది. వద్దనుకున్నాను.

రిపోర్టులో థైరాయిడ్ హార్మోన్లు మామూలుగానే ఉన్నాయి. ఆ సంగతి చెబుతుంటే అమ్మ "షుగర్ ఎంతొచ్చింది?" అంది. చూసి 5.2 అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "సరిగ్గా చూడు తల్లీ, యాభై రెండేమో" అంది, అదీ కంగారుగానే. తూర్పు జర్మనీ వైపు షుగర్‌ని మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. దాన్ని 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 94 అని చెప్పాక ఊపిరి పీల్చుకుంది. ఇక్కడికి వచ్చిపోయే పెద్దవాళ్లకి షుగర్ ఉంటే ఈ గుణకారం ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోవడం మంచిది.

డాక్టర్ క్లినిక్‌లోనే అల్ట్రాసౌండ్ పెట్టి చూసి, గడ్డ సెంటీమీటర్ దాటి ఉంది, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ చూడాలి అంది. ఆ పేరు వినగానే టెన్షన్ మొదలైంది. జర్మనీలో థైరాయిడ్ గడ్డలకి అక్కడికి పంపడం మామూలేనని, ఇక్కడివాళ్ల తిండిలో అయోడిన్ తక్కువ కాబట్టి ఈ గడ్డలు చాలామందికి ఉంటాయని, వాటిలో అత్యధికం ప్రమాదం లేనివేనని ఆవిడే ఓపిగ్గా చెప్పింది. ఇంటికొచ్చి మా ఆయనకి ఆ మాటలన్నీ అప్పజెప్పాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మళ్లీ ఫోన్లు. ఈసారి చేర్చుకోం అనలేదు. టెర్మిన్ ఇస్తాం కానీ నెలల తర్వాత అన్నారు. అపాయింట్‌మెంట్‌ని ఇక్కడి తెలుగువాళ్లం కూడా టెర్మిన్ అనే అంటాం, అంతగా మా నోట్లో నానిపోయింది. "టికెట్ కొనుక్కుని వచ్చేసెయ్, రెండ్రోజుల్లో అన్నీ అయిపోతాయి" అని అమ్మ రోజూ పోరు. నిజం చెప్పొద్దూ, నేనూ రేట్లు చూశాను. నాకు తెలిసి చాలామంది అదే చేస్తారు, సెలవుల్లో ఇంటికెళ్లి పళ్ల నుంచి మోకాళ్ల దాకా అన్నీ చూపించుకుని వస్తారు. తప్పనను. కానీ గడ్డ అంటే ఒకసారి చూసి వదిలేసేది కాదు, ఏటా చూపించుకోవాలి. ఎవరో ఒకరు వరసగా చూస్తుంటేనే అది పెరిగిందో లేదో తెలుస్తుంది.

అప్పుడు మా ఆయన ఆఫీసులో ఒక చెన్నై ఆయన చెప్పాడు, 116117 సంగతి. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో ప్రాణం మీదికి రాని జబ్బులకి చేసే నంబరుగా అది చాలామందికి తెలుసు. ప్రాణం మీదికి వస్తే 112. కానీ స్పెషలిస్టు టెర్మిన్ ఇప్పించే పని కూడా 116117దే. రిఫరల్ చీటీ మీద పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక కోడ్ ఉంటే, నాలుగు వారాల్లోపు టెర్మిన్ చూపించాల్సిన బాధ్యత వాళ్ల మీద ఉంది. కళ్ల డాక్టర్‌కీ, గైనకాలజిస్టుకీ అయితే చీటీ కూడా అక్కర్లేదు. నా చీటీ తీసి చూసుకున్నాను, కోడ్ లేదు. తొందరగా చూడాల్సిన కేసు అని డాక్టర్ అనుకుంటేనే ఆ కోడ్ వేస్తారు, అదీ అడిగితేనే గుర్తొస్తుంది చాలామందికి. వెళ్లి అడిగాను. కౌంటర్ అమ్మాయి డాక్టర్‌ని అడిగి, కోడ్ ఉన్న చీటీ కొత్తగా ప్రింట్ తీసి ఇచ్చింది. నాకు వైద్యం చేసింది సగం ఆ చీటీ ముక్కే అంటాను.

ఆ కోడ్‌ని వాళ్ల వెబ్‌సైట్‌లో కొడితే తేదీలు వచ్చాయి. ఫలానా డాక్టరే కావాలంటే కుదరదు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్లాలి. నాకు ఎల్బె నదికి అవతలి ఒడ్డున దొరికింది. మూడు వారాల లోపే.

అక్కడ ముందు అడిగినవి గర్భం ఉందా, పాలిచ్చే బిడ్డ ఉందా, ఈమధ్య అయోడిన్ కలిసిన మందు ఎక్కించి సీటీ స్కాన్ తీశారా అని. తర్వాత చేతికి ఇంజెక్షన్. అందులో ఉండేది టెక్నీషియం, ఆరు గంటలకోసారి దాని రేడియేషన్ సగానికి తగ్గిపోతుంది. కాసేపు బయట కూర్చోబెట్టి, తర్వాత మెడకి దగ్గరగా కెమెరా పెట్టి కదలకుండా ఉండమన్నారు. కొన్ని నిమిషాల పని, నొప్పేమీ లేదు. గడ్డ ఆ మందుని అసలు పీల్చుకోకపోతే కోల్డ్ అంటారు, అప్పుడు ఇంకాస్త లోతుగా చూస్తారు, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఎక్కువ పీల్చుకుంటే హాట్. నాది చుట్టూ ఉన్న థైరాయిడ్ భాగంలాగే పీల్చుకుంది. అల్ట్రాసౌండ్‌లోనూ అనుమానించాల్సినవి ఏవీ కనపడలేదు.

ఆ డాక్టర్ మాట తీరు నాకు బాగా నచ్చింది. "మందులు అక్కర్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు, ఏడాది తర్వాత మళ్లీ కొలుద్దాం" అన్నాడు. ఇంకో టెస్ట్ రాయలేదు. పోనీ ఏదైనా బలానికి మాత్ర అని అడగబోయి ఊరుకున్నాను. ఆయన మాత్రం ఉప్పు గురించి అడిగాడు. మన దేశంలో ప్యాకెట్ ఉప్పు అంటే అయోడైజ్డ్ ఉప్పే అనుకుంటాం. ఇక్కడ రెండూ అమ్ముతారు, ప్యాకెట్ మీద యోడ్ అన్న మాట ఉందో లేదో చూసి కొనాలి. మా వంటింట్లో అందంగా ఉందని తెచ్చిన సముద్రపు కల్లుప్పులో అది లేదు. ఇప్పుడది బొమ్మల పక్కన గాజు సీసాలో ఉంది.

ఇంత జరిగినా ఎక్కడా బిల్లు చేతికి రాలేదు, ప్రతిచోటా కార్డు గీయడమే. మందులు రాసి ఉంటే ఒక్కో మందుకి అయిదు నుంచి పది యూరోలు ఫార్మసీలో కట్టాల్సి వచ్చేది. వచ్చిన మొదటి నెలలో, ఒంట్లో బాగున్నప్పుడే ఒక హౌస్‌ఆర్ట్స్ట్‌ని చూసుకోమని ఇప్పుడు మా ట్రామ్‌లో కలిసిన ప్రతి కొత్త జంటకీ చెప్తున్నాను. మొహమాటానికి తల ఊపుతారు.

రిపోర్టు కాపీ అడిగి తీసుకున్నాను, అమ్మ దాన్ని గుంటూరులో పిన్నిని చూసిన డాక్టర్‌కి చూపించి సరేననిపించుకుంది. వచ్చే ఏడాది తేదీ కూడా అక్కడి కౌంటర్‌లోనే ఇచ్చేశారు. ఇక్కడ లెక్కలన్నీ మూడు నెలలకోసారి మొదలవుతాయి కాబట్టి అప్పటికి కొత్త రిఫరల్ తెచ్చుకోమన్నారు. ఆ తేదీకి రెండు వారాల ముందు హౌస్‌ఆర్ట్స్ట్ దగ్గరికి వెళ్లాలని ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.