ఇస్త్రీ చొక్కాలు చుట్టిన కాగితం

ఆదివారం, రాత్రి 10

సాయంత్రం ఇస్త్రీ బండి దగ్గరికెళ్లి చొక్కాలు తెచ్చుకున్నాను. ఈ నెలంతా ఎన్నికల కరపత్రాల్లోనే చుట్టి ఇస్తున్నాడు. "కట్టలు కట్టలు పడేసి పోతున్నారు సార్, పాత పేపర్లు కొనే పని తప్పింది" అన్నాడు, పెట్టెలో బొగ్గులు కదుపుతూ.

ఇంటికొచ్చి విప్పితే మా నియోజకవర్గం అభ్యర్థి. ఒకే కాగితం మీద మూడు ఫొటోలు. గుడిలో బొట్టుతో, ఇఫ్తార్ విందులో తెల్లటోపీతో, చర్చిలో కొవ్వొత్తి పట్టుకుని. మూడింట్లోనూ అదే నవ్వు. టోపీ ఎవరిదో అడిగి పెట్టుకున్నట్టుంది, నడినెత్తి మీదే ఆగిపోయింది.

నాన్న కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఇంతకీ వీడిది ఏ మతం?"

"ఎందుకు నాన్నా?"

"ఊరికే. తెలిస్తే మంచిదేగా."

ఎన్నికల సంఘం సైట్‌లో ఆయన అఫిడవిట్ తీసి ఫోన్ చేతికిచ్చాను. ఫారం 26. కేసులు, ఆస్తులు, అప్పులు, భార్య బంగారం, చదువు, అన్నీ ఉన్నాయి. మతం గడి లేదు. నాన్న పైకీ కిందికీ రెండుసార్లు జరిపి వెతికారు. కేసుల పేజీ దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు.

మతం పేరు చెప్పి ఓటు అడగకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది, సెక్షన్ 123(3). అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు 4–3 తేడాతో చెప్పింది. అదంతా అడిగేవాడి నోటికి. ఓటేసేవాడి మనసుకి ఏ సెక్షనూ లేదు. నాన్న అడగడం తప్పని నేననను. కానీ అడిగితే వచ్చేది ఈ కాగితమే. మనం చూస్తామని తెలిసే బొట్టూ టోపీ కొవ్వొత్తీ సర్దుకుని వస్తున్నారు. లోపల ఏం నమ్ముతాడో మనకెలా తెలుస్తుంది?

మన దగ్గర ఒక్కచోట మాత్రం చట్టమే మతం అడుగుతుంది. ఎస్సీ రిజర్వుడు సీటులో నిలబడాలంటే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువో, సిక్కో, బౌద్ధుడో అయ్యుండాలి. నాతో చదువుకున్న ఒకడున్నాడు. కాగితాల్లో హిందువు, ఆదివారం చర్చి. ఊళ్లో బోరు పాడైతే అందరూ వాడికే ఫోన్ చేస్తారు. సర్పంచ్‌గా నిలబడరా అంటే, "నామినేషన్ రోజే నా ఆదివారాలు తవ్వుతారు, వద్దులే" అన్నాడు. ఆ ఊరికి మంచి సర్పంచ్ అయ్యేవాడు.

నేనేం తక్కువ తినలేదు. పోయినసారి ఒకాయన అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి కొండెక్కిన వీడియో చూసి, ఎంత భక్తిరా అనుకుంటూ వెళ్లి మీట నొక్కి వచ్చాను. మా వీధి మురుక్కాలువ గురించి ఆయన ఏం చేస్తాడో కనుక్కోవాలని తోచనే లేదు. ఈ మాట నాన్నతో అనలేదు.

భోజనాలయ్యాక చూస్తే నాన్న ఆ కరపత్రం మళ్లీ పట్టుకుని కూర్చున్నారు.

"మతం సంగతి తేలలేదు గానీ, ఇంటిపేరు చూస్తే మనవాళ్లలాగే ఉన్నాడ్రా."