కనకాంబరం చీర, ఇటుక రంగు

పొద్దున ఏడున్నరకి పిన్ని ఫోన్. పాలు ఇంకా పొంగలేదు.

"ఏమ్మా, ఆ కనకాంబరం చీర సైట్లో ఇటుకముక్కలా ఉందేంటి? నిన్న ఒకావిడ ఫోన్ చేసి, వెలిసిపోయిన చీరకి అంత రేటా అని అడిగేసింది. నా ఫోన్లో చూస్తే నిగనిగలాడుతోంది."

"చూస్తాలే పిన్నీ" అన్నాను. ఈ ఆర్నెల్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో.

పిన్నిది మంగళగిరిలో చీరల వ్యాపారం. కొట్టంటూ వేరే లేదు, ఇంటి ముందు గదే. మగ్గాల దగ్గర నుంచి తెచ్చిన చీరని నిజాం అంచు కనబడేలా మడిచి, దివాన్ మీద పరిచి, నిలువుగా ఒక ఫోటో తీసి పంపుతుంది. సైటు నేను కట్టిందే. వచ్చిన ఫోటోని నిలబెట్టి, నాలుగు సైజుల్లో చిన్నది చేసి పేజీలో పెట్టే భాగం కూడా నాలుగేళ్ళ కిందట నేనే రాశాను. అందరిలా వర్డ్‌ప్రెస్ అనే రెడీమేడ్ సైటు సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే సరిపోయేది. అప్పుడు కొంచెం పొగరు. ఇవాళ తిట్టుకుందామన్నా వేరే మనిషి లేరు.

తలనొప్పి మొదలైంది వాళ్ళబ్బాయి ఐఫోన్ కొనిచ్చాకే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో పాడవుతుంది, డాక్యుమెంట్‌గా పంపు పిన్నీ అని నేర్పింది నేనే. అలా పంపేసరికి మామూలు జేపెగ్ ఫోటోల బదులు హెచ్ఈఐసీ అనే ఇంకో రకం ఫైళ్ళు రావడం మొదలైంది. 2017లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు ఫోటోలు అలాగే దాచుకుంటున్నాయి, చోటు కలిసొస్తుందని. క్రోమ్ బ్రౌజర్ దాన్ని చూపించదు, నా సర్వర్ తెరవదు. వర్డ్‌ప్రెస్ అయితే 2024 నవంబరులో వచ్చిన 6.7 వెర్షన్ నుంచి, సర్వర్‌కి చేతనైన చోట, తనే జేపెగ్‌గా మార్చేసుకుంటుంది. నేను ఆ జోలికి పోలేదు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అందులో మోస్ట్ కంపాటబుల్ అని ఇరవై నిమిషాలు ఫోన్లో చెప్పి పిన్ని చేతే నొక్కించాను. నా కోడ్ చెయ్యాల్సిన పని ఆవిడకి అంటగట్టాను.

రంగు సంగతి మాత్రం కొత్తది. పదింటి మీటింగ్ అయ్యాక, పిన్ని పంపిన అసలు ఫోటోనీ సైట్లో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే. అసలుదాంట్లో కనకాంబరం, సైట్లో ఇటుక. ఇన్నాళ్ళూ పక్కన పెట్టి చూడనేలేదు కాబట్టి నాకు తెలియలేదు. పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటోంది, ఫైలు ఎన్ని కేబీలు, ఇదే గోల నాకు. పిన్ని అమ్మేది రంగు.

కనకాంబరాలు మూరల్లెక్కన కొంటాం కదా. పూలమ్మే ఆవిడ మూర వేరు, మన మూర వేరు. ఫోటోలో ఎరుపు ఇంత, పచ్చ ఇంత అని అంకెలుంటాయి, అవీ మూరల్లాంటివే. ఐఫోన్‌ది పెద్ద చెయ్యి, దాని కొలతని డిస్‌ప్లే పీ3 అంటారు. ఏ చేత్తో కొలిచిందో చెప్పే చీటీ ఒకటి ఫైల్లోనే ఉంటుంది, ఐసీసీ ప్రొఫైల్ అని. చీటీ లేకపోతే బ్రౌజర్ పాత ఎస్ఆర్‌జీబీ కొలత అనుకుంటుంది, అది చిన్న చెయ్యి. అంకె అదే, మూరే తగ్గింది. కనకాంబరం కాస్తా కళ తప్పింది.

మరి చీటీ ఎవరు చింపారు? నేనే. ఫైలు తేలికవుతుందని అప్పట్లో ఒక లైను రాశాను, స్ట్రిప్ ఇమేజ్ అని. ఫోటోకి అంటుకుని ఉన్న సమాచారమంతా దులిపేస్తుంది. ఆ చీటీ బరువు ఎంతని చూస్తే ఐదు వందల చిల్లర బైట్లు. అరకేబీ మిగిల్చి చీర రంగు పోగొట్టాను.

సరే, ఆ లైను కొట్టేస్తే పోలా అని కొట్టేశాను. రంగు వచ్చింది. చీర అడ్డంగా పడుకుంది.

ఇది కాసేపు అర్థం కాలేదు. టీ పెట్టుకుని, ఫైల్లో ఎగ్జిఫ్ సమాచారం, అంటే ఫోటో ఎలా, ఎక్కడ తీశారో ఫోన్ రాసిపెట్టుకునేది, తెరిచి చూస్తే ఓరియెంటేషన్ 6 అని ఉంది. ఫోన్‌ని నిలువుగా పట్టుకున్నా ఫోటో లోపల అడ్డంగానే, 4032 బై 3024గానే ఉంటుంది. చూపించేటప్పుడు పావు చుట్టు తిప్పి చూపించండి అని 6 అనే గుర్తు. నా కోడ్ బొమ్మని నిజంగానే తిప్పేస్తుంది, గుర్తుని మాత్రం మార్చదు. ఇన్నాళ్ళూ స్ట్రిప్ లైను ఆ గుర్తుని చెరిపేసేది కాబట్టి గుట్టు దాగింది. ఇప్పుడు నేనొకసారి తిప్పాను, బ్రౌజర్ ఇంకోసారి తిప్పింది. 2020కి ముందు క్రోమ్ పేజీలో పెట్టిన బొమ్మలకి ఆ గుర్తుని మామూలుగా పట్టించుకునేది కాదు, కాబట్టి అప్పటి చిట్కాలు నమ్ముకుంటే ఇలాగే అవుతుంది.

అదే ఎగ్జిఫ్‌లో కింద ఇంకో రెండు వరసలు. అక్షాంశం 16 డిగ్రీల చిల్లర, రేఖాంశం 80 చిల్లర. మ్యాప్‌లో కొడితే సూటిగా పిన్ని వాళ్ళ ముందు గది. ఒళ్ళు జలదరించింది. ఇందాక తిట్టుకున్న లైనే ఇంతకాలం పిన్ని ఇంటి అడ్రసు బయటపడకుండా కాపాడింది.

లైను మళ్ళీ పెట్టాను. కాకపోతే ముందు ఐసీసీ చీటీ పక్కకి తీసి దాచి, మిగతాదంతా దులిపి, చీటీ తిరిగి అతికించి, ఓరియెంటేషన్ 1 అని రాసి అప్పుడు సేవ్ చెయ్యడం. మొత్తం ఐదు లైన్లు. మధ్యాహ్నం మూడయింది, అన్నం తినలేదు.

అసలు ఫోటోలన్నీ పారేయకుండా ఉంచుకోవడం ఒక్కటే నేను చేసిన మంచి పని. సాయంత్రం అన్నిటినీ మళ్ళీ నాలుగేసి సైజుల్లో తయారుచేయించాను. పాత పేరుతోనే పెడితే జనం ఫోన్లలో దాచి ఉన్న పాత బొమ్మే వస్తుంది కాబట్టి పేర్లు కూడా మార్చాల్సొచ్చింది.

ఎనిమిదింటికి పిన్నికి ఫోన్ చేశాను. "ఆఁ, ఇప్పుడు కనకాంబరంలా ఉంది" అంది. వెనకాల టీవీ మోగుతోంది. కిందికి జరుపుకుంటూ చూస్తోందనుకుంటా, కాసేపు మాట లేదు.

"అవునుగానీ, ఆ చిలకపచ్చ చీర అసలు అంత పచ్చ కాదే."

"నీ ఫోన్లో ఎలా ఉంది?"

"ఇక్కడా అలాగే ఉంది. రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీశాలే. ఉండు, రేపు ఎండ రాకముందే వసారాలో పరిచి తీస్తా."