పెద్దనాయన తోట నుంచి మా పెరట్లోకి అనాబ్‌షాహి

శామీర్‌పేట దగ్గర మా పెద్దనాయన ద్రాక్షతోట ప్లాట్లకు పోతుందని తెలిసినప్పుడే అనుకున్నాను, ఆ తీగ మా పెరట్లో ఉండాలని. బజార్లో ఎటు చూసినా గింజలేని థామ్సన్ రకం ద్రాక్షే. నాకేమో గింజ ఉన్నా సరే, ముగ్గితే తేనెరంగు తిరిగే ఆ లావుపాటి అనాబ్‌షాహి కాయే కావాలి. గింజ నాటితే అదే రకం రాదు, కొమ్మ నాటాల్సిందే.

అక్టోబరు కత్తిరింపుకి వెళ్లాను. ఆ పుల్లలు ఎలాగూ గట్టు మీద పారేసేవే. పెన్సిలంత లావుండి బెరడు గోధుమరంగుకి తిరిగినవి, గోటితో గీరితే లోపల పచ్చగా కనిపించినవి ఏరాను. లేత కొమ్మ నాటితే కుళ్లిపోతుంది. ఒక్కో ముక్కకు మూడు నాలుగు కణుపులు ఉండాలి. కింద కణుపు దగ్గర అడ్డంగా, పైన కన్ను (చిగురొచ్చే మొగ్గ) దాటాక ఏటవాలుగా కోశాం. ఏటవాలు కోత మీద నీళ్లు నిలవవు. పైగా కట్ట కట్టాక ఏది తలో ఏది మొదలో తికమక ఉండదు. తడి గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాను.

మొదళ్లకు వేళ్లు పుట్టించే ఐబీఏ పౌడర్ అద్ది, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపిన కవర్లలో రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చి, షేడ్‌నెట్ కింద పెట్టాను.

కొన్నాళ్లకే కళ్లు ఉబ్బి, గులాబీ అంచుతో నూగు నూగుగా ఆకులు విచ్చుకున్నాయి. ఇంట్లో అందరం సంబరపడి ఫోన్ చేస్తే పెద్దనాయన నవ్వాడు. "ఆకును చూసి మురవకురా. అది పుల్లల దాచుకున్న బలం. కింద వేరు రావాలె." అన్నట్టే కొన్ని ఆకులేసి కూడా వాడిపోయాయి. వాటిలో ఒకటి పీకి చూస్తే కోత చుట్టూ తెల్లటి బొడిపెలు ఉన్నాయి కానీ, వేరు పోగు ఒక్కటీ లేదు. ఇక అక్కణ్ణుంచీ టెన్షనే. రోజూ నీళ్లు పోయాలనిపించేది. వేలు గుచ్చి చూసి, మట్టి ఆరితేనే పోశాను.

కవరు అడుగు చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు తొంగిచూశాక నెట్ తీసి, మెల్లగా ఎండకు అలవాటు చేశాను. ఫిబ్రవరిలో మట్టిగడ్డ చెదరకుండా గుంతలో దింపాను.

పెద్ద తోటలవాళ్లయితే డాగ్‌రిడ్జ్ అనే వేరే ద్రాక్షరకం వేరుమొక్క మీద అంటుకడతారు, ఉప్పునీళ్లను తట్టుకుంటుందని. మా బోరు నీళ్లు తియ్యగానే ఉంటాయి కాబట్టి నేను ఆ జోలికి పోలేదు. ప్రస్తుతానికి పక్క పిలకలు గిల్లేస్తూ ఒక్క తీగనే కర్ర వెంట పందిరి దాకా ఎక్కిస్తున్నాను.