యాడ్‌లో కదిలేదెవరు, కూర్చునేదెవరు

మీడియా స్టడీస్ అసెస్‌మెంట్ కోసం ఒక పాత ప్రింట్ యాడ్, ఒక కొత్త టీవీ యాడ్ తీసుకుని, వాటిలో ఆడవాళ్లనీ మగవాళ్లనీ ఎలా చూపించారో పోల్చి రాయాలి. రాశాక మన ఆలోచన ఎలా సాగిందో ఒక రిఫ్లెక్షన్ జత చేయాలి. పాతది తేల్చుకోవడం తేలికే. 1967 నాటి స్కోర్ హెయిర్ క్రీమ్ ప్రకటనలో, అడవిలో తుపాకీ పట్టుకున్న మగవాణ్ణి పల్లకీ మోసినట్టు ఆడవాళ్లు మోస్తుంటారు. దాని మీద ఎవరైనా రెండు పేజీలు రాసేయగలరు.

కష్టమంతా రెండోదానితోనే. ప్రకటనల్లో హాని చేసే జెండర్ మూసలు ఉండకూడదని బ్రిటన్‌లో 2019 జూన్‌లో నిబంధన వచ్చింది. దాని కింద ఆ ఆగస్టులో మొదటగా నిలిపివేసిన రెండు యాడ్లలో ఒకటి ఫోక్స్‌వ్యాగన్ ఎలక్ట్రిక్ కారుది. నేను దాన్నే ఎంచుకున్నాను. మామూలుగా చూస్తే అందులో తప్పు పట్టడానికేమీ కనిపించదు. ఎవరినీ కించపరచలేదు, ఎవరి ఒళ్లూ ఎరగా చూపించలేదు.

అందుకే సౌండ్ తీసేసి, ప్రతి షాట్ దగ్గరా ఆపుతూ చూశాను. ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అని రెండే గళ్లు గీసుకున్నాను. నిట్టనిలువు కొండ మీద టెంట్: ఆమె నిద్రపోతోంది, అతను లైటు ఆర్పి టెంట్ మూస్తాడు. అంతరిక్ష నౌకలో తేలుతున్న ఇద్దరు మగ వ్యోమగాములు. కృత్రిమ కాలితో లాంగ్ జంప్ చేసే మగ అథ్లెట్. ఆఖర్న, పసిబిడ్డ బండి పక్కన బెంచీ మీద కూర్చున్న ఒక తల్లి. పరిస్థితులకు తగ్గట్టు మారితే మనిషి ఏదైనా సాధిస్తాడన్నది యాడ్ సందేశం. బిడ్డను పెంచడం తక్కువ పని అని నేను ఏ మాత్రం అనుకోను. కానీ నా రెండో గడిలో చేసే పనులన్నీ మగవాళ్లవైపే పడ్డాయి. యాడ్లలో చేతులు, ఎత్తు, చూపు గమనించాలని 1970ల్లోనే సామాజిక శాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ చూపించిన పద్ధతి నాకు ఇక్కడ బాగా పనికొచ్చింది.

తర్వాత కమ్యుటేషన్ టెస్ట్ చేశాను, అంటే ఆడ స్థానంలో మగ, మగ స్థానంలో ఆడ పెట్టి చూడటం. స్కోర్ ప్రకటన ఆ మార్పుకి నిలవదు, దాని అమ్మకమంతా ఆ పెత్తనం మీదే. కారు యాడ్‌కి మాత్రం ఏమీ కాదు. లాంగ్ జంప్ చేసేది అమ్మాయైనా, బిడ్డ పక్కన కూర్చున్నది తండ్రైనా సందేశం చెక్కుచెదరదు. అంటే అక్కడ మగవాళ్లే ఉండాల్సిన అవసరమేమీ లేదు, అలవాటుగా వచ్చేశారంతే. నా వ్యాసంలో ఎక్కువ పేజీలు దీనికే ఇచ్చాను, ఇప్పుడు రాసినా ఇస్తాను. పాత యాడ్ దురుద్దేశం కంటికి కనిపిస్తుంది. ఈ అలవాటుని పట్టుకోవాలంటే షాట్లు పక్కపక్కన పెట్టుకోవాలి.

వైవా ముందు కాస్త టెన్షన్ పడ్డాను. టెంట్‌లో నిద్రపోతున్న ఆమెలో బలహీనత ఎక్కడుందని మేడమ్ సూటిగా అడిగారు.

"బలహీనత లేదు మేడమ్. అంత ఎత్తుకి ఆమె కూడా ఎక్కే వచ్చి ఉంటుంది. కెమెరా అది చూపించలేదు," అన్నాను.

ఆ మాట వ్యాసంలో కూడా రాయమన్నారు.