కంపెనీ చేతులు మారింది, కోడ్‌లో పాత పేరు ఉండిపోయింది

మా కంపెనీని ఒక పెద్ద సంస్థ కొన్నదన్న సంగతి మాకు ఈమెయిల్‌లోనే తెలిసింది. మా పనిలో ఏ మార్పూ ఉండదని అందులో రెండు చోట్ల రాశారు. అది కావాలని చెప్పిన అబద్ధమని నేను ఇప్పటికీ అనుకోను. ఆ రోజుకు రాసినవారికి కూడా అంతకు మించి తెలిసి ఉండదు. నెల తిరిగేసరికి ఈమెయిల్ చిరునామాలు, గుర్తింపు కార్డులు, సెలవు పెట్టుకునే పద్ధతి మారాయి. ఇవి నాలుగు రోజుల్లో అలవాటైపోయే విషయాలు.

అలవాటు కానిది నిర్ణయాలు జరిగే తీరు. ఇంతకుముందు బగ్ కనబడితే ఆ భాగం రాసినవారితో మాట్లాడి, సరిచేసి, సాయంత్రానికల్లా రిలీజ్ చేసేవాళ్లం. ఇప్పుడు అదే మార్పు సెక్యూరిటీ సమీక్షను, మేము వాడుకునే ఓపెన్ సోర్స్ (అందరికీ బహిరంగంగా దొరికే) కోడ్ లైసెన్సుల పరిశీలనను, మేము ఎన్నడూ చూడని ఒక ఆర్కిటెక్చర్ బృందం అనుమతిని దాటుకుని బయటకు రావడానికి 3 వారాలు పడుతోంది. ఇవన్నీ అనవసరమనడం అన్యాయం. మా కాన్ఫిగరేషన్ ఫైల్లో ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోయిన డేటాబేస్ పాస్‌వర్డ్‌ను పట్టుకున్నది ఆ సెక్యూరిటీ సమీక్షే.

నన్ను బాధపెట్టేది మనుషులు వెళ్లిపోవడం. ముఖ్యమైన ఇంజనీర్లను నిలుపుకోవడానికి కొన్న సంస్థ బోనస్‌నూ షేర్లనూ విడతలుగా ఇస్తుంది. చివరి విడత చేతికందాక వారు ఒక్కొక్కరే రాజీనామా చేస్తారు. వారిని తప్పుపట్టలేను. కానీ ఆ గడువు తేదీ అందరికీ ముందే తెలిసినప్పుడు, వారికి తెలిసినదంతా ఆలోగా రాయించి పెట్టుకోవాలన్న ఆలోచన యాజమాన్యానికి ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

మా బిల్లింగ్ కోడ్‌లో ఒక చోట 3 సెకన్లు ఆగమని చెప్పే వరుస ఉండేది. దాన్ని తీయవద్దని పైన ఒక కామెంట్, పక్కన రెండు పొడి అక్షరాలు. కారణం మాత్రం లేదు. అది రాసిన ఆవిడ అప్పటికే వెళ్లిపోయారు. కొత్త బృందం వేగం పెంచే పనిలో ఆ వరుసను తీసేసింది, టెస్టులన్నీ పాసయ్యాయి. నెలాఖరున ఒక పాత కస్టమర్‌కు ఇన్‌వాయిస్‌లు ఖాళీగా వెళ్లాయి. వారి సర్వర్ నెమ్మదిగా జవాబిస్తుందని, ఆ 3 సెకన్లు దాని కోసమేనని కనుక్కోవడానికి మాకు 4 రోజులు పట్టింది. ఆవిడ ఉండి ఉంటే ఒక్క మాటతో తేలిపోయేది.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కంపెనీని సన్ మైక్రోసిస్టమ్స్ 2008లో సుమారు 100 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ సన్‌ను 2010 జనవరిలో ఒరాకిల్ తనలో కలుపుకుంది. అంటే మైఎస్‌క్యూఎల్ ఇంజనీర్లకు దాదాపు రెండేళ్లలో రెండుసార్లు యజమాని మారాడు. సన్‌లో జావా అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన జేమ్స్ గోస్లింగ్ కొద్ది నెలలకే ఒరాకిల్‌ను వీడారు. అయినా జావా సోర్స్‌లో నేటికీ ‘కామ్.సన్’ అని సన్ పేరుతో మొదలయ్యే ప్యాకేజీలు (కోడ్ విభాగాలు) ఉన్నాయి.

మా కోడ్‌లోనూ పాత పేరు అలాగే ఉంది. దాన్ని మార్చమని రెండుసార్లు ఆదేశం వచ్చింది. ఆ పేరు మీద ఎన్ని ప్రోగ్రాములు ఆధారపడ్డాయో చెప్పగలవారు ఇప్పుడు ఒక్కరే మిగిలారు. ఆయన కూడా వచ్చే నెలలో వెళ్తున్నారు. రోజూ మధ్యాహ్నం ఒక గంట ఆయన పక్కన కూర్చుని, ఏ వరుస ఎందుకు ఉందో అడిగి రాసుకుంటున్నాను. బిల్లింగ్ భాగమే ఇంకా సగం కాలేదు.