ఆ కాగితం మనమే నింపాలి: కీమోలో నా అనుభవం

నిన్నటితో నా ఎనిమిదో కీమో, అంటే చివరిది, అయిపోయింది. పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్, స్కానింగులు, రక్తపరీక్షలు ఎలాగో గడిచిపోయాయి. నన్ను కుంగదీసింది ఒక కాగితం.

మూడు వారాలకోసారి కీమోకి ముందు ఇచ్చేవారు. గడిచిన ఏడు రోజుల్లో వాంతులు, విరేచనాలు, నీరసం, తిమ్మిర్లు ఎలా ఉన్నాయో టిక్ పెట్టాలి. లేదు, కొంచెం, ఓ మాదిరి, ఎక్కువ, చాలా ఎక్కువ: ఐదు గళ్ళు. మొదటి మూడుసార్లు నేనే నింపాను.

నాలుగోసారి బాగా రద్దీ. కౌంటర్లో అమ్మాయి "నేను చదువుతా, మీరు చెప్పేయండి, త్వరగా అయిపోతుంది" అంది. వెనక పదిమంది కూర్చుని ఉన్నారు. "విరేచనాలు రోజుకి ఎన్నిసార్లండీ?" అని హాలంతా వినబడేలా అడిగింది. అంతకుముందు రాత్రే ఆరుసార్లు లేచాను. అందరూ నావైపే చూస్తున్నట్టు అనిపించి నోరు పెగల్లేదు. "ఏమీ లేదండీ" అన్నాను. అంతే, మిగతావి అడగనే లేదు. పైనుంచి కిందిదాకా 'లేదు' గళ్ళలో వరసగా టిక్కులు పెట్టేసి, సంతకం చెయ్యమంది. చేశాను.

లోపల డాక్టర్‌గారు కాగితం చూసి "బాగున్నారే, ఇదే డోసు ఇద్దాం" అన్నారు. "వేళ్ళు మొద్దుబారుతున్నాయండీ" అన్నాను. "ఇందులో తిమ్మిర్లు లేవనే ఉందే" అని కాగితం నావైపు తిప్పారు. కింద నా సంతకం. అబద్ధాలాడి దొరికిపోయినవాడిలా తలదించుకున్నాను. పూర్తి డోసే ఎక్కింది.

ఆ తర్వాత వారం ఒక పొద్దున చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. గుండీ వేళ్ళ మధ్య ఉందో లేదో కళ్ళతో చూస్తేగానీ తెలియలేదు. కాజా దాకా తీసుకెళ్ళేసరికి జారిపోతోంది. మా ఆవిడ ఏమీ అనకుండా వచ్చి అన్నీ పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

నాకు ఎక్కించే కీమో మందు ఆక్సాలిప్లాటిన్ నరాలను దెబ్బతీస్తుంది. మొదట్లో చల్లటి వస్తువు తాకితే వేళ్ళు జివ్వుమని, కొన్ని రోజులకి తగ్గిపోయేది. డోసులు పడేకొద్దీ తిమ్మిరి తగ్గకుండా నిలిచిపోతుంది. ఇది ఏ స్కాన్‌లోనూ కనబడదు, మనం చెప్తేనే తెలుస్తుంది. అలాంటప్పుడు ఆ కాగితాన్ని గుమస్తా పనిలా చూస్తారా! న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో ముదిరిన క్యాన్సర్ ఉన్న 766 మందితో ఒక అధ్యయనం జరిగింది. కొందరు తమ బాధలను కంప్యూటర్లో ఎప్పటికప్పుడు తామే నమోదు చేశారు, బాధ ముదిరితే నర్సుకి కబురు వెళ్ళేది. మిగతావాళ్ళకి మామూలు వైద్యమే. 2017లో వచ్చిన ఫలితాల్లో మధ్యస్థ ఆయుష్షు (అంటే సగంమంది కనీసం బతికిన కాలం) మొదటివారికి 31.2 నెలలు, రెండోవారికి 26 నెలలు. కొత్త మందేమీ ఇవ్వలేదు, అడిగారు, విన్నారు, అంతే. ఇది చదివిన రాత్రి నాకు కోపంతో నిద్ర పట్టలేదు.

ఐదోసారి నుంచి కాగితం ఎవరి చేతికీ ఇవ్వలేదు. ముందురోజు రాత్రే, రోజూ రాసుకున్న చీటీలు ముందు పెట్టుకుని ఇంట్లో నింపేవాణ్ణి. "ఇక్కడే చెప్పండి" అంటే "లోపల చెప్తాను" అనేవాణ్ణి. మీరూ మొహమాటపడకండి. విరేచనాల గురించి చెప్పడానికి సిగ్గుపడితే సెలైన్ ఎక్కించుకోవాల్సి వస్తుంది.

ఆ ఐదోసారి నర్సమ్మ కాగితం చదివి పక్క గదిలోకి తీసుకెళ్ళింది. "గుండీలు పెట్టుకోగలుగుతున్నారా? పెన్ను పట్టుకుంటే తెలుస్తోందా?" అని మెల్లగా అడిగింది. ఆ రెండు ప్రశ్నలతోనే డోసు తగ్గింది. చివరి రెండుసార్లు ఆక్సాలిప్లాటిన్ పూర్తిగా ఆపేసి కీమో మాత్రలతోనే నడిపారు.

రోగుల అభిప్రాయాలు అడిగే సమావేశానికి పిలిస్తే వెళ్ళి రెండు మాటలు గట్టిగానే చెప్పాను. హాల్లో పైకి చదవొద్దు, చివర్లో సొంత మాటల్లో రాయడానికి ఖాళీ గీతలు పెట్టండి అని. రెండూ ఒప్పుకున్నారు. నిన్నటి కాగితంలో ఆ గీతలు ఉన్నాయి. మొదటి గీత మీద రాశాను: "కాలర్ గుండీ ఇంకా పెట్టుకోలేకపోతున్నాను."