కుడి సిల్ పని అయింది

డ్రెయిన్ గొట్టాలను నిన్న సాయంత్రమే శుభ్రం చేసి, రాత్రంతా ఆరనిచ్చాను. మాజ్దా ఎమ్‌ఎక్స్-5 మొదటి తరం కార్లలో మడిచే టాప్ మీద పడిన వాన నీరు సీట్ల వెనక మూలల్లోని సన్నటి గొట్టాల గుండా కిందికి పోవాలి. ఏళ్ల తరబడి ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతే నీళ్లు పక్కదారి పట్టి సిల్ (తలుపు కింద పొడవునా ఉండే బోలు రేకు భాగం) వెనక వైపు నిలిచిపోతాయి. అక్కడి నుంచి తుప్పు లోలోపలే రేకును తినుకుంటూ పోతుంది. పైన పెయింటు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. మా కారుకు జరిగింది అదే. ఇనుప తీగ పెడితే గొట్టం చిరుగుతుందని నైలాన్ తీగతో మెల్లగా కదిలిస్తే నల్లటి బురద ముద్ద ఊడిపడింది. తర్వాత నీళ్లు పోస్తే వెనక చక్రం ముందు ధారగా కారాయి. ఆ ధార చూశాకే గ్రైండర్ పట్టుకునే ధైర్యం వచ్చింది. నీళ్లకు దారి ఇవ్వకుండా కొత్త రేకు వేస్తే అదీ కొన్నేళ్లకు పాతదాని లాగే పోతుంది.

పొద్దున అయస్కాంతంతో సిల్ అంతా తడిమాను. వెనక చివర అది అంటుకోలేదు. అంటే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇంతకుముందు ఎవరో తుప్పు తీయకుండానే పైన పుట్టీ పూసి, రంగు కొట్టి పంపేశారు. నిజంగా బాధేసింది. మామూలు కారుకైతే ఇది చూడటానికి బాగోలేని పని అనుకోవచ్చు, టాప్ తెరుచుకునే కారుకు మాత్రం ప్రమాదకరమైన పని. పైకప్పు లేని కారు మూత తీసిన అట్టపెట్టె లాంటిది, ఇట్టే మెలితిరుగుతుంది. పైకప్పు మోయాల్సిన బరువులో చాలా భాగాన్ని తలుపుల కింద ఉండే ఈ రెండు సిల్‌లే మోస్తాయి.

అందుకే కోయడానికి ముందు బ్రేసింగ్ మీదే ఎక్కువ సేపు గడిచింది. కారును సమంగా నిలబెట్టి, తలుపు సందులో ఇనుప గొట్టాన్ని అడ్డంగా బిగించాం. ముందు కీళ్ల వైపు నుంచి వెనక లాక్ వైపు దాకా. ఈ అడ్డం లేకుండా సిల్ కోస్తే కారు నడుము దగ్గర కుంగుతుంది, ఆ స్థితిలోనే వెల్డ్ చేస్తే తలుపు ఇక జన్మలో సరిగ్గా పడదు. తమ్ముడు తలుపు సందును పైనా కిందా టేపుతో కొలిచి గోడ మీద రాసిపెట్టాడు. కోశాక ఒకసారి, వెల్డింగ్ మధ్యలో ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి మళ్లీ కొలిచాం. తేడా రాలేదు.

వెల్డింగ్ కంటే దానికి ముందు చేసే సర్దుడే ఎక్కువ. బ్యాటరీ తీసేశాం (ఈ కారులో అది డిక్కీలో ఉంటుంది). సీట్లు, కార్పెట్ బయటపెట్టాం. పెట్రోల్ ట్యాంకు సీట్ల వెనకే కాబట్టి తమ్ముడు మంటలార్పే సిలిండర్ పట్టుకుని లోపలి వైపే చూస్తూ కూర్చున్నాడు. తెల్లటి రేకు కనిపించేదాకా పాతది కోసేసి, అంచులకు జింక్ ప్రైమర్ పూసి, కొత్త ముక్కను చుక్కలు చుక్కలుగా అతికించాను. ఒక చోట చుక్క, తర్వాత దానికి దూరంగా ఇంకోటి. ఒకే గీతలా లాగితే వేడికి పల్చటి రేకు వంకర తిరుగుతుంది. ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుంటుంటే వాడు మళ్లీ అదే మాట ఎత్తాడు. "అన్నా, 17 అంగుళాల చక్రాలు వేద్దాం, లుక్కే మారిపోతుంది."

నాకు ఇష్టం లేదు. కంపెనీ నుంచి వచ్చినవి 14 అంగుళాలవి. కారు మొత్తం బరువే టన్నుకు తక్కువ. పెద్ద చక్రాలు, పల్చటి టైర్లు వేస్తే ప్రతి గుంతా నేరుగా బాడీకే తగులుతుంది. అసలే మెలితిరిగే బాడీ. చివరికి 15 దగ్గర రాజీ కుదిరింది. స్టీరింగ్, సీటు కవర్లు, స్పీకర్లు వాడి ఇష్టానికే వదిలేశాను. నేను పెట్టిన షరతు ఒక్కటే: ఏం బిగించినా బోల్టులు విప్పితే కారు మళ్లీ మొదటి రూపానికి రావాలి. పైకి లేచే ఆ హెడ్‌లైట్ల జోలికి మాత్రం పోనివ్వను. 1998లో వచ్చిన రెండో తరం నుంచి అవి లేవు. 1989లో ఈ కారు వచ్చినప్పటి ముఖం అదే, దాన్నెందుకు మార్చాలి?

కొత్త టాప్ ఆఖర్న. వినైల్ ఎండ తగిలితే మెత్తబడి బాగా సాగుతుంది కాబట్టి మంచి ఎండ రోజు చూసుకోవాలి. టాప్ దించే ముందు వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్పు విప్పడం తమ్ముడికి ఇప్పటి నుంచే అలవాటు చేయాలి, లేకపోతే మడత పడి పగులుతుంది.

సాయంత్రానికి అతుకుల మీద సీలర్ పూసేశాం. రంగు ఆరాక సిల్ లోపలికి మైనం స్ప్రే కొట్టాలి, అప్పటిదాకా స్ప్రే కొట్టే రంధ్రాలు మూయకూడదు. ఎడమ సిల్‌కు కావాల్సిన రేకు ముక్కలు కూడా కోసి పెట్టుకున్నాను. అటువైపు అయస్కాంతం చివరిదాకా అంటుకుంది కాబట్టి పని ఇంత ఉండకపోవచ్చు, అయినా అడ్డ గొట్టం బిగించాకే ముట్టుకుంటాం.